విత్తనం ఎంచిన చెయ్యి

పద్మశ్రీ కమలా పూజారి స్మృతిలో రాయగడలో తెలుగువారి సభలో చేసిన ప్రసంగ పాఠం



కమలా పూజారిగారు 2024 జూలై 20న కటక్‌లోని ఎస్‌సీబీ వైద్య కళాశాల ఆసుపత్రిలో కన్నుమూశారు. మూత్రపిండాల జబ్బు. డెబ్బయి దాటిన మనిషి. కోరాపుట్ జిల్లా బైపారిగుడ బ్లాకులో, జయపురానికి దగ్గర్లో ఉన్న పాత్రపుట్ ఆవిడ ఊరు. ప్రభుత్వ లాంఛనాలతో సాగనంపారు. బడి మొహం చూడని ఒక ఆదివాసీ రైతు పోతే రాష్ట్రపతి, ప్రధాని సంతాపం చెప్పడం ఈ దేశంలో రోజూ జరిగే పని కాదు.

అప్పటినుంచీ ఆవిడ గురించి నలుగురు మాట్లాడుకున్న ప్రతి చోటా నాకు ఒకటే ధోరణి వినిపిస్తోంది. పాపం చదువు లేదు, కల్లాకపటం తెలియదు, చేతిలో వడ్ల వెన్నులు, మొహం నిండా నవ్వు, మనందరి మామ్మ. ప్రేమతోనే అంటారు, తప్పు పట్టను. కానీ మామ్మ అనేశాక ఇక అడగడానికేమీ మిగలదు. మామ్మ పెడుతుంది, దీవిస్తుంది, ఒళ్ళో పడుకోబెట్టుకుని కథ చెబుతుంది. ఆవిడకు ఏం వచ్చు అని ఎవరూ అడగరు. ఈ పూట నేను ఆ ఒక్కటే పట్టుకుంటాను. కమలా పూజారికి ఏం వచ్చు?

అంతకంటే ముందు, తెలుగువాళ్ళం మనకు ఆవిడతో పనేమిటి అనేవారికి ఒక మాట చెప్పాలి. ఈ కోరాపుట్, ఈ రాయగడ 1936 మార్చి ఆఖరుదాకా మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం జిల్లా ఏజెన్సీలో ఉన్నాయి. ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడింది, హద్దు మారింది. మన తాతలు మటుకు ఉన్నచోటే ఉన్నారు, దుకాణాలు అవే, బంధుత్వాలు అవే. జయపురం మహారాజు విక్రమదేవ వర్మగారు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చారని మనం పిల్లలకు గొప్పగా చెబుతాం. విశాఖలో సైన్సు కళాశాలకు ఆయన పేరు పెట్టారు. చెప్పుకోవలసిన దానమే. అయితే సంస్థానం ఖజానాకు ఆ లక్ష ఎక్కడినుంచి వచ్చింది? శిస్తు నుంచి, అడవి నుంచి. శిస్తు కట్టినవాడు వడ్లు పండించాడు. ఆ వడ్లకు విత్తనం దాచింది ఇంట్లోని ఆడమనిషి. విశాఖలో డిగ్రీ పుచ్చుకున్న మన పెద్దలు ఆవిడకు కూడా కొంత బాకీ ఉన్నారు.

ఆ వడ్ల సంగతి చిన్నది కాదు. బెంగాల్ కరువు తరవాత 1946లో కటక్‌లో కేంద్ర వరి పరిశోధన సంస్థ పెట్టారు. దాన్ని నిలబెట్టిన కె. రామయ్యగారు, ఆర్.ఎల్.ఎం. ఘోష్‌గారితో కలిసి 1951లో ఒక ప్రతిపాదన చేశారు: వరి పైరు రకరకాలుగా విడిపోయి పెరిగిన ఒక ముఖ్య స్థానం ఈ జయపురం ప్రాంతమే అని. ఆ దశాబ్దం రెండో సగంలో గోవిందస్వామి, కృష్ణమూర్తి అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఈ కొండలన్నీ తిరిగి 1,745 వరి నమూనాలు పోగుచేశారు. ఒక్క సంస్థానం మేర నేలలో అన్ని రకాలు! పోగుచేసినవారి పేర్లు 1959 నాటి వ్యాసంమీద అచ్చయ్యాయి. ఆ నమూనాలను చేటలో పోసి తెచ్చి ఇచ్చిన ఆడవాళ్ళ పేర్లు ఎక్కడా లేవు. కమలా పూజారిగారు అప్పటికి చిన్నపిల్ల.

ఆ పిల్ల ముసలిదయ్యేలోపల ఆ రకాల్లో చాలావరకు పొలాల్లోంచి పోయాయి. ఎందుకు పోయాయో చెప్పేటప్పుడు మనం రైతును తిట్టకూడదు. నీళ్ళూ ఎరువూ ఉన్నచోట కొత్త వంగడం రెట్టింపు పండింది. ఆఫీసు విత్తనం ఇచ్చింది, బ్యాంకు అప్పు ఇచ్చింది, మిల్లువాడు కొన్నాడు. పిల్లల్ని చదివించుకోవలసినవాడు ఏం చేస్తాడు? ఇందులో మన చెయ్యీ ఉంది. పశ్చిమ గోదావరి మార్టేరు పరిశోధన కేంద్రం 1982లో విడుదల చేసిన స్వర్ణ రకం, మన రైతులు ఎమ్‌టీయూ 7029 అని నంబరుతో పిలిచేది, ఒడిశా పల్లపు భూములను అల్లుకుపోయింది. తక్కువ ఎరువుతో కూడా గింజ ఇస్తుంది కాబట్టి పేదవాడు కూడా దాన్ని పట్టుకున్నాడు. అది మంచి వంగడం. మంచిది కాబట్టే దాని కింద అన్ని రకాలు మునిగిపోయాయి.

ఇప్పుడు కమలా పూజారి చేసిన పనికి వస్తాను.

ఆవిడ నూరు దాకా దేశవాళీ వరి రకాలను నిలబెట్టారని చెబుతారు. వినడానికి బాగుంటుంది, ఒక పెట్టెలో నూరు పొట్లాలు దాచినట్టు. వరి విత్తనం అలా దాగదు. మన వానాకాలం తేమలో, మట్టి ఇంట్లో, ఎంత బూడిద కలిపినా వేపాకు వేసినా ఏడాది రెండేళ్ళకు మొలకశక్తి పడిపోతుంది. కాబట్టి దాచడమంటే విత్తడమే. నూరు రకాలు ఉండాలంటే నూరు మడి ముక్కలు కావాలి, నూరు నాట్లు, నూరు కోతలు. ఒక్కొక్కటీ విడిగా కొట్టాలి, విడిగా ఎండబెట్టాలి, విడిగా ఎత్తిపెట్టాలి. వరి చాలావరకు తన పుప్పొడితో తానే కట్టుకుంటుంది కనుక పూతలో కల్తీ తక్కువ. కల్తీ అయ్యేది కళ్ళంలో. ముందురోజు కొట్టిన వడ్లు నాలుగు గింజలు చీపురుకు అందకుండా మిగిలితే చాలు, మూడేళ్ళలో రకం రకంగా ఉండదు. ఇది ఒక ఇంటివల్ల అయ్యే పని కాదు. ఆవిడ ఊరూరా తిరిగి, గడపగడపకూ వెళ్ళి, తన దగ్గరున్న విత్తనం ఇచ్చి వాళ్ళ దగ్గరున్నది పుచ్చుకుని, ఫలానా రకం ఫలానావాళ్ళ ఇంట్లో బతికి ఉంది అన్న లెక్క తలలో పెట్టుకున్నారు. ఆ లెక్కే ఆవిడ అసలు ఆస్తి అని నా అభిప్రాయం.

ఇక నేల. కోరాపుట్‌లో ఒక ఊరి భూమి అంటే ఒక భూమి కాదు. పైన కొండవాలు పోడు, దాని కింద మెట్ట, ఆ కింద మధ్యరకం మడులు, అన్నిటికంటే అడుగున గెడ్డ పారే దారినే మెట్లు మెట్లుగా కట్టిన జోలా భూములు. మెట్టమీద వాన ఎత్తేస్తే నిలబడే తక్కువ కాలంలో పండే రకం కావాలి. జోలాలో డిసెంబరుదాకా నీళ్ళుంటాయి. అక్కడ ఆర్నెల్ల పంటకు భయం లేదు. మాఛకంటా, హల్దిచూడి, కళాజీరా వంటి పేర్లు మీరు వినే ఉంటారు. వాటిలో ఏది ఏ మడికి అన్నది తప్పితే ఆ ఏడు అన్నం ఉండదు. గింజ చూసి పైరు చెప్పాలి, పైరు చూసి నేల చెప్పాలి. మన గుణుపురం వైపు పాత రైతులకు ఈ చూపు ఉండేది; గరువులో చోళ్ళు, పల్లంలో వరి, గట్టుమీద కంది అని ఊరికే వచ్చిన లెక్క కాదది.

కోతకు ముందే విత్తనం పని మొదలవుతుంది. చేను పండుబారేటప్పుడు మడిలో దిగి కేళీలు తీసేయాలి. ఎత్తులో తేడా ఉన్నవీ, ముందు ఈనినవీ, పొట్టు రంగు మారినవీ ఏరి పారేయాలి. తరవాత విత్తనానికి వెన్నులు ఎంచాలి. ఎక్కడ ఎంచాలి అన్నదాంట్లోనే తెలివంతా ఉంది. గట్టు పక్కన పెంటకుప్ప దగ్గర ఏపుగా పెరిగినదాన్ని ఎంచితే అది నేల బలం, విత్తనం బలం కాదు. నడిమడిలో, నలుగురితో పాటు పెరిగి, నలుగురికంటే బాగున్నదాన్ని ఎంచాలి. వ్యవసాయ కళాశాలలో దీనికి పెద్ద పాఠం ఉంటుంది. ఇళ్ళలో ఆడవాళ్ళు కోడళ్ళకు కొడవలి చేతికిచ్చి, వద్దు, అది కాదు, ఆ పక్కది, అంటూ నేర్పారు. ఆ "అది కాదు" అనడమే చదువు.

ఆవిడను అందరూ సేంద్రియ వ్యవసాయ ప్రచారకురాలు అంటారు. నిజమే, రసాయన ఎరువులు వద్దని చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగి చెప్పారు, పాత్రపుట్ రైతుల చేత మాన్పించారు. దీన్ని మనం ఏదో భక్తిగా, ప్రకృతి ప్రేమగా చూస్తాం. నాకు ఇందులో గట్టి వ్యవసాయ తర్కం కనిపిస్తుంది. కళాజీరా పొడుగు పైరు. నల్లటి సన్న గింజ, ఉడుకుతుంటే వీధి చివరకు వాసన. దానికి యూరియా కుమ్మరిస్తే ఇంకా పొడుగెదిగి, గింజ పాలు పోసుకునే వేళకు గాలికి పడిపోతుంది. పడిపోయిన చేనులో కోతా లేదు, విత్తనమూ లేదు. పొట్టి వంగడాలను తయారుచేసిందే ఎరువు తిని నిలబడటానికి. ఈ రెండూ రెండు వేరు వేరు సంసారాలు. పాత విత్తనం ఉంచుకోవాలంటే పాత ఎరువే వెయ్యాలి అని ఆవిడ చెప్పినప్పుడు, చెప్పింది నీతి కాదు, పైరు స్వభావం.

ఇక్కడ ఎం.ఎస్. స్వామినాథన్‌గారి పేరు రావాలి. హరిత విప్లవానికి ఊపిరిపోసిన మనిషి, 1990లలో తన సంస్థను జయపురానికి తీసుకొచ్చి, ఆ విప్లవం తొక్కుకుంటూ పోయిన రకాలను వెతకమన్నారు. దీన్ని ప్రాయశ్చిత్తం అనేవాళ్ళున్నారు. నాకు అలా తోచదు. కొత్త వంగడం చెయ్యాలన్నా పాత గింజ కావాలని ఆయనకంటే తెలిసినవాళ్ళెవరు? ఆ సంస్థ మనుషులు పాత్రపుట్ వంటి ఊళ్ళలో విత్తన బ్యాంకులు పెట్టించారు, కలిసిపోయిన కళాజీరాను రైతులతోనే ఎంపిక చేయించి శుద్ధి చేశారు. కమలా పూజారిగారికి వాళ్ళు కొంత నేర్పారు, ఆవిడ వాళ్ళకు కొంత నేర్పారు. ఎవరు ఎక్కువ నేర్పారన్న వాదం జయపురం టీ కొట్లలో ఇప్పటికీ తెగదు. స్వామినాథన్‌గారు 2023 సెప్టెంబరులో పోయారు, ఆవిడ పది నెలలకు పోయారు.

బిరుదుల సంగతి త్వరగా ముగిస్తాను. 2002లో జోహన్నెస్‌బర్గ్ ప్రపంచ సదస్సులో జయపురం ఆదివాసీ సముదాయాలకు ఈక్వేటర్ బహుమతి వచ్చింది; ఆవిడ అక్కడికి వెళ్ళివచ్చారు. అదే బహుమతి 2019లో మన తెలంగాణలో, జహీరాబాద్ దగ్గర పాత పంటలు కాపాడుతున్న డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలకు వచ్చిందని ఇక్కడ ఎంతమందికి తెలుసో. 2012లో భువనేశ్వర్ సైన్స్ కాంగ్రెస్‌లో, కోరాపుట్ సంప్రదాయ వ్యవసాయాన్ని ప్రపంచ వారసత్వంగా ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ గుర్తించిందని ప్రకటించారు. 2019లో పద్మశ్రీ. వీటన్నిటికంటే నాకు పెద్దదిగా కనిపించేది 2018లో జరిగింది: ఒడిశా ప్రణాళికా మండలిలో ఆవిడను సభ్యురాలిగా వేశారు. ఆదివాసీ మహిళ ఆ కుర్చీలో కూర్చోవడం అదే మొదలు. పద్మశ్రీ గౌరవిస్తుంది. కుర్చీ మాత్రం, నీకు తెలిసింది మాకు కావాలి, చెప్పు, అంటుంది. ఆ రెండో మాట మనవాళ్ళు మామ్మలతో అరుదుగా అంటారు.

మన ఇళ్ళే చూడండి. మా మామ్మ గుణుపురంలో, వంశధార ఒడ్డున బతికిన మనిషి. ఆనప, బీర, దోస విత్తనాలు పేడముద్దలో అదిమి గోడకు కొట్టేది. ఏ పాదుకు కాసిన ఎన్నో కాయను విత్తనానికి వదలాలో ఆవిడకో పద్ధతి ఉండేది. మొదటి కాయ ఎప్పుడూ కొయ్యనిచ్చేది కాదు, ఆఖరి కాయల్లోంచి ఎప్పుడూ విత్తనం తీసేది కాదు. ఉత్తరాంధ్ర సంసారాల్లో పెద్ద పండక్కి పెద్దలకు కొత్త బట్టలు పెడతాం, కొత్త బియ్యంతో వండి పెడతాం, వాళ్ళకు ఇష్టమైనవి గుర్తుపెట్టుకుని మరీ పెడతాం. మామ్మకు గారెలిష్టం, పొగాకు చుట్ట ఇష్టం. ఈ జాబితా తరాలు దాటుతుంది. పాదు దగ్గర ఆవిడ చేసిన నిర్ణయాలు దాటవు. ఇది మా ఒక్క ఇంటి కథ అయితే సభలో ఎత్తేవాణ్ణి కాదు. మీలో చాలామంది తలలూపుతున్నారు కాబట్టి ఎత్తాను.

ఆదివాసీ ఊళ్ళలో ఆ నిర్ణయాలకు ఒక పండగే ఉంది. చైత్రంలో చైత పరబ్ వస్తుంది. విత్తడానికి ముందు ఇంటింటి విత్తనం ఊరి దేవత దగ్గరకు వస్తుంది, పూజ అయ్యాకే పొలానికి పోతుంది. హద్దుకు అవతల అరకు, పాడేరు మన్యంలో దాన్నే ఇటుకల పండగ అంటారు. ఆ పండగలో వేటకు పోయే మగవాళ్ళ ఫోటోలే పత్రికల్లో పడతాయి. బుట్టలో విత్తనం తెచ్చిన ఆడవాళ్ళు వెనకాల ఎక్కడో ఉంటారు.

మన రాయగడ జిల్లా సంగతి చెప్పకుండా కూర్చుంటే మీరు ఒప్పుకోరు. బిస్సంకటక్ దగ్గర కెరండిగుడలో దేబల్ దేబ్ అనే శాస్త్రజ్ఞుడు, రెండు మూడెకరాలకు మించని నేలలో, 1,400కు పైగా దేశవాళీ వరి రకాలను ఏటా పండిస్తున్నారు. పక్కపక్క మడుల్లో ఒకే సమయంలో పూత రాకుండా, ఏది ఎప్పుడు పూస్తుందో లెక్కకట్టి నాటుతారు. నార్వే మంచులో స్వాల్‌బార్డ్ అనే చోట 2008 నుంచి ప్రపంచం నలుమూలల విత్తనాలను సున్నాకు 18 డిగ్రీల కింద దాస్తున్నారు. అదీ కావాలి. అయితే అక్కడ గింజ ఉన్నది ఉన్నట్టే ఆగిపోతుంది. కెరండిగుడలో, పాత్రపుట్‌లో అది ప్రతి ఏడూ వానతో, పురుగుతో తేల్చుకుని బయటపడాలి. మారుతున్న వానలకు అలవాటుపడేది ఈ గింజే.

ఇక నియమగిరి కొండ. 2013లో సుప్రీంకోర్టు తీర్పు తరవాత అక్కడ గనుల తవ్వకంమీద పన్నెండు పల్లెసభలు పెడితే, అందులో ఏడు మన జిల్లావే. పన్నెండూ తవ్వకం వద్దన్నాయి. డొంగరియా కొంధులు కొండను దేవుడన్నారని పత్రికలు రాశాయి. దేవుడే. ఆ దేవుడి వాలుమీద ఒక్క పోడులో చోళ్ళు, సామలు, కొర్రలు, కంది కలిపి ఎన్ని పైర్లు వేస్తారో చూసినవారికి, వాళ్ళు విత్తనాల కొట్టును కూడా కాపాడుకున్నారని అర్థమవుతుంది.

కమలా పూజారి తరవాత ఎవరు అని అడిగితే చెప్పడానికి ఒక పేరు ఉంది, అదృష్టం. కోరాపుట్ జిల్లాలోనే కుంద్రా బ్లాకులో రైమతి ఘివురియా అనే రైతు ఉన్నారు. కమలా పూజారిగారి దగ్గరే నేర్చుకున్నానని ఆవిడే చెబుతారు. 72 వరి రకాలు, 30 చిరుధాన్యాల రకాలు నిలబెట్టారని పేరు. 2023లో ఢిల్లీ జీ20 సమావేశాలకు పిలిస్తే చోళ్ళు పట్టుకుని వెళ్ళారు. ఒకరి తలలో ఉన్న లెక్క ఇంకొకరి తలలోకి, రక్తసంబంధం అవసరం లేకుండా, పొలం గట్టుమీద నిలబడి దిగింది.

నన్ను కలవరపెట్టే సంగతి మరొకటి ఉంది. కోరాపుట్ కళాజీరాకు 2024 జనవరిలో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అదే విడతలో మన డొంగరియాల కపడాగండా శాలువాకూ, లంజియా సవరల చిత్రకళకూ వచ్చింది. ఆవిడ బతికుండగానే వచ్చింది, సంతోషం. వాసన ఉంది కాబట్టి కళాజీరాకు పట్నంలో ధర ఉంటుంది, ధర ఉంది కాబట్టి బతుకుతుంది. వాసన లేని మిగతా రకాల మాటేమిటి? కరువులో నిలబడటం, నీట మునిగినా లేవడం, బాలింతకు పథ్యంగా పనికిరావడం, గడ్డి బాగా ఇవ్వడం వంటి గుణాలు సంచిమీద అచ్చువెయ్యడానికి రావు. చట్టం రైతుకు విత్తనం దాచుకునే, విత్తుకునే, పంచుకునే, అమ్ముకునే హక్కు 2001లోనే ఇచ్చింది, బ్రాండు పేరు పెట్టి అమ్మకపోతే చాలు. హక్కు ఉంది, కొనేవాడు లేడు. ప్రభుత్వం ధాన్యం కొనే చోట రెండే తరగతులు: సాధారణ రకం, గ్రేడ్ ఎ. హల్దిచూడి ఆ రెంటిలో ఏదో ఒక రాశిలో పడి, మిల్లులో ఊరూ పేరూ పోగొట్టుకుని ఒట్టి బియ్యమైపోతుంది. చోళ్ళకు ఒడిశా ప్రభుత్వం 2017 నుంచి మిల్లెట్ మిషన్ పెట్టి, మద్దతు ధరకు కొని, అంగన్‌వాడీ పిల్లలకు లడ్డూలు చేసి పెట్టింది. కొన్నారు కాబట్టే చోడి చేలు మళ్ళీ కనిపిస్తున్నాయి. ప్రశంసాపత్రంవల్ల ఏ పైరూ మొలవదు.

పొద్దున్న వంటశాలవైపు వెళ్ళి, ఇవాళ భోజనాల్లో బియ్యం ఏ రకం అని అడిగాను. సాంబ మసూరండీ, బాపట్లది, అన్నారు గర్వంగా. మన బీపీటీ 5204, మంచి బియ్యమే, నేనూ తింటాను. వచ్చే ఏడు మళ్ళీ ఈ సభ పెడితే మటుకు, నిర్వాహకులు పండక్కి ముందే, కోతల వేళకు బైపారిగుడ వెళ్ళి, వాసన ఉన్నది ఒకటీ వాసన లేనివి రెండూ చూసి, ఆడవాళ్ళనడిగి బియ్యం తీసుకురండి. వాళ్ళు చెప్పిన ధర ఇవ్వండి. వంటవాణ్ణి ముందుగానే హెచ్చరించండి, వాటికి నీళ్ళ పాళ్ళు వేరు.